నివురుగప్పిన నిప్పు: కంప్యూటర్ నిద్ర కథ

"కంప్యూటర్‌ని మాటిమాటికీ ఆపితే పాడైపోతుంది." "ఆపి మళ్ళీ వేస్తే ఇంకా ఎక్కువ కరెంటు తాగుతుంది." "స్క్రీన్ సేవర్ పెట్టాం కదండీ, ఆదా అవుతూనే ఉందిగా!" ఈ మూడు మాటల్లో ఒక్కటైనా వినని వాళ్ళు మనలో ఉండరు. బిలాస్‌పూర్ సదర్ బజార్‌లో ఏ బట్టల కొట్టులోనో, నగల కొట్టులోనో గల్లాపెట్టె పక్కన రాత్రింబవళ్ళు వెలుగుతుండే కంప్యూటర్ గురించి అడిగి చూడండి. "బంద్ మత్ కరో, ఫిర్ చాలూ నహీ హోగా" అంటారు. ఒకప్పుడు దీపావళినాడు ఎర్ర అట్ట బహీఖాతాకు జరిగిన పూజ ఇప్పుడు ఆ కంప్యూటర్‌కే జరుగుతోంది. మానిటర్ మీద కుంకుమతో స్వస్తిక్ వేస్తారు. పూజ గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం కాబట్టి దాన్ని పక్కన పెడదాం. నాకు ఆసక్తి కలిగించేవి పైన చెప్పిన మూడు మాటలే. వాటిలో దేవుడు లేడు, బాబా లేడు, జాతకం లేదు. చెప్పేవాళ్ళు కూడా సైన్సు చెబుతున్నామనే అనుకుంటారు. అందుకే వీటిని నమ్మకాలని గుర్తుపట్టడం కష్టం. తాయెత్తు కట్టుకున్నవాణ్ణి చూసి నవ్వే ఇంజనీరు కూడా ఇంటికెళ్ళి కంప్యూటర్‌ని రాత్రంతా అలాగే వదిలేస్తాడు.

ఈ సంగతి బిలాస్‌పూర్ నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో కళ్ళారా చూడగలిగే ఊళ్ళు దేశంలో తక్కువ. బిలాస్‌పూర్ వాటిలో ఒకటి. దేశంలో అత్యధికంగా బొగ్గు తవ్వే సంస్థల్లో ఒకటైన సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉంది. ఈశాన్యాన కోర్బా ఉంది. అక్కడ ఎన్టీపీసీ కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది, ఇప్పుడు మొత్తం సామర్థ్యం 2600 మెగావాట్లు. ఊరికి దగ్గర్లోనే సీపత్ కేంద్రం. 500 మెగావాట్లవి రెండు, 660 మెగావాట్లవి మూడు, వెరసి 2980 మెగావాట్లు. గేవ్రా గని ప్రపంచంలోని అతి పెద్ద బొగ్గు గనుల్లో ఒకటి. అక్కడి బొగ్గు గేవ్రా రోడ్డు, కోర్బా, చాంపా మీదుగా గూడ్సు బళ్ళలో ప్రధాన మార్గానికి వస్తుంది. అంటే సదర్ బజార్ కొట్టులో ఎవరూ చూడని తెర రాత్రి 2 గంటలకు వెలుగుతూ ఉన్నప్పుడు, దాని కోసం కాలే బొగ్గు ఎక్కడో పరాయి రాష్ట్రంలో లేదు. పక్కనే ఉంది.

తెలుగువాళ్ళకూ ఈ ఊరికీ చుట్టరికం రైలుతోనే వచ్చింది. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే బిలాస్‌పూర్‌ని జంక్షన్ చేసింది. 20వ శతాబ్దం మొదటి ఏళ్ళలో వాల్తేరు వైపు లైను కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి మనవాళ్ళు ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ లాంటి రైల్వే ఊళ్ళకు వలస వెళ్ళారు. ఆ కంపెనీ కార్మికుల సంఘాన్ని నడిపిన నాయకుడు వి.వి.గిరి, తర్వాత రాష్ట్రపతి అయినాయనే. 1955లో ఆ మార్గాలు సౌత్ ఈస్టర్న్ రైల్వేలోకి వెళ్ళాయి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ఏర్పడింది.

ఆ రైల్వే కుటుంబాల్లో పాతతరం వాళ్ళకు "నిద్రపుచ్చడం" అంటే ఏమిటో కంప్యూటర్ రాకముందే తెలుసు. రెండు చోట్ల తెలుసు. ఒకటి వంటింట్లో. అగ్గిపెట్టె ఖరీదైన రోజుల్లో రాత్రి వంటయ్యాక పొయ్యిలో నిప్పుని ఆర్పేవారు కాదు, నివురు కప్పి ఉంచేవారు. పొద్దున్నే బూడిద తోసి, రెండు పిడకలు పెట్టి ఊదితే పొయ్యి రాజుకునేది. నివురుగప్పిన నిప్పు అనే మాటని మనం పగకీ కోపానికీ వాడేసుకుంటున్నాం గాని, అది అసలు ఇంధనం పొదుపు చేసే పద్ధతి.

రెండోది లోకో షెడ్డులో. ఆవిరి ఇంజన్ని చల్లారనిస్తే మళ్ళీ బాయిలర్‌లో ఆవిరి పట్టడానికి గంటల తరబడి పడుతుంది. పైగా బాయిలర్ ఉక్కు వేడెక్కి చల్లారుతూ ఉంటే అతుకుల దగ్గరా గొట్టాల దగ్గరా పగుళ్ళు వస్తాయి, కారడం మొదలవుతుంది. అందుకని మర్నాడు డ్యూటీ ఉన్న ఇంజన్లో నిప్పుని ఒక పక్కకు కుప్ప చేసి, పచ్చి బొగ్గు కప్పి, గాలి తగ్గించి మంట మందగించేలా చేసేవారు. నిప్పు ఆరదు, పూర్తిగా మండదు కూడా. కొంత బొగ్గు వృథా అయినా తెల్లవారేసరికి ఇంజన్ సిద్ధంగా ఉంటుంది. "ఆపితే పాడవుతుంది" అనే మాట అక్కడ అక్షరాలా నిజం. మన దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి బళ్ళు 1995 చివరికి ఆగిపోయాయి. మాట మాత్రం ఆగలేదు.

డీజిల్ ఇంజన్లు వచ్చాక అదే అలవాటు వాటికి కూడా అంటుకుంది. స్టేషన్లో గంటలకొద్దీ నిలబడి ఉన్నా ఇంజన్ గుడగుడలాడుతూనే ఉండేది. ఆపితే బ్రేకుల గొట్టాల్లో గాలి తగ్గిపోతుంది, బ్యాటరీ దిగిపోయి ఉంటే మళ్ళీ స్టార్టవదు, దారిలో బండి నిలిచిపోతే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది డ్రైవరు. కాబట్టి ఆపకపోవడమే క్షేమం. దీనికి రైల్వే వాళ్ళు చివరికి కనిపెట్టిన మార్గం చూడండి. ఇంజన్లో సహాయక విద్యుత్ యూనిట్ అని ఒక చిన్న డీజిల్ మోటారు పెట్టారు. బండి పది నిమిషాలకు మించి ఊరికే నిలబడితే పెద్ద ఇంజన్ తనంతట తానే ఆగిపోతుంది, చిన్న మోటారు మేలుకుని బ్యాటరీనీ బ్రేకుల గాలినీ కాపాడుతుంది. పెద్ద ఇంజన్ ఊరికే నడిస్తే గంటకు సుమారు 25 లీటర్ల డీజిల్ పోతుంది. చిన్నదానికి 3 లీటర్లు చాలు. కంప్యూటర్ నిద్రలో జరిగేది సరిగ్గా ఇదే. పెద్దదాన్ని ఆపేసి, తిరిగి లేవడానికి ఏది అవసరమో దాన్ని మాత్రం మేలుకొలిపి ఉంచడం.

ఇక కంప్యూటర్ దగ్గరికి వద్దాం. ఆపితే పాడవుతుందన్న మాట కంప్యూటర్ల విషయంలోనూ ఒకప్పుడు నిజమే. అమెరికాలో 1946లో లోకానికి చూపించిన ఎనియాక్‌లో 17 వేలకు పైగా వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. సుమారు 150 కిలోవాట్ల కరెంటు తీసుకునేది. ట్యూబులోని ఫిలమెంటు బల్బులో తీగలాంటిదే. వేడెక్కేటప్పుడు సాగుతుంది, చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. మన ఇళ్ళలో పాత బల్బులు కూడా ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే మాడిపోయేవి, గుర్తుందా? ఎనియాక్‌లో కూడా ట్యూబులు ఎక్కువగా వేసినప్పుడూ ఆపినప్పుడూ పోతున్నాయని గమనించిన ఇంజనీర్లు అసలు ఆపకుండా ఉంచడమే మేలని తేల్చుకున్నారు. కారణం ఉంది, పరిశీలన ఉంది, నిర్ణయం ఉంది. అది హేతుబద్ధమైన నిర్ణయమే. మన దేశంలో బొంబాయి టాటా సంస్థలో 1960లో ప్రారంభమైన టిఫ్రాక్ కూడా ట్యూబుల యంత్రమే.

తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, చిప్పులు వచ్చాయి. హైదరాబాదులో 1967లో ఎ.ఎస్.రావు గారి సారథ్యంలో మొదలైన ఈసీఐఎల్ టీడీసీ పేరుతో తయారుచేసిన కంప్యూటర్లలో ఫిలమెంట్లు లేవు. అయినా కంప్యూటర్ గది అంటే ఏసీ గది, చెప్పులు బయట విడిచి వెళ్ళే గది, రాత్రింబవళ్ళు నడిచే గది. గర్భగుడికి ఉండే మర్యాదలన్నీ దానికి జరిగాయి. చెప్పులు విడవడానికి దుమ్ము అనే కారణం ఉందనుకోండి, కాని ఆ కారణం తెలియకుండానే విడిచినవాళ్ళు వేలమంది. కారణం పోయినా ఆచారం నిలిచిపోవడం మతంలో మాత్రమే జరుగుతుందనుకుంటే పొరపాటు. ఏ వృత్తిలో అయినా, కారణాన్ని చెప్పకుండా పద్ధతిని మాత్రమే శిష్యుడికి అప్పగిస్తే జరిగేది అదే.

దీనికి స్క్రీన్ సేవర్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. పాత గాజు గొట్టం మానిటర్లలో తెర వెనక భాస్వర పూత ఉండేది. ఒకే బొమ్మ గంటలకొద్దీ అక్కడే ఉంటే ఆ పూత మాడి, మానిటర్ ఆపినా నీడలాగా ఆ అక్షరాలు కనిపించేవి. 1983 డిసెంబరులో జాన్ సోచా అనే ప్రోగ్రామరు సాఫ్ట్‌టాక్ అనే పత్రికలో ఒక చిన్న ప్రోగ్రామ్ ప్రచురించాడు. మూడు నిమిషాలు ఎవరూ ఏమీ ముట్టుకోకపోతే తెరని నల్లగా చేసెయ్యడమే దాని పని. మొదటి స్క్రీన్ సేవర్‌గా చెప్పుకునేది దాన్నే. దానికి కావలసింది చీకటి మాత్రమే. కాని నల్లటి తెరని ఎవరు కొంటారు? 1989లో ఆఫ్టర్ డార్క్ వచ్చింది, రెక్కలున్న టోస్టర్లు ఎగిరాయి. ఆ తర్వాత విండోస్‌లో గొట్టాలు ఒకదానిలోకి ఒకటి పెరిగాయి, చేపలు ఈదాయి. ఇంటర్నెట్ కెఫేల్లో ఆ గొట్టాలు చూస్తూ మన వంతు కోసం ఎదురుచూసిన వాళ్ళం కదా మనం! అవి గీయడానికి ప్రాసెసర్ పని చెయ్యాలి, మానిటర్ పూర్తిగా వెలుగుతూ ఉండాలి. ఊరికే ఉన్న కంప్యూటర్ కంటే గొట్టాలు గీస్తున్న కంప్యూటరే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. "సేవర్" అన్న పేరు తెరని కాపాడేదన్న అర్థంలో పెట్టింది, జనం కరెంటుని కాపాడేదన్న అర్థంలో తీసుకున్నారు. ఎల్‌సీడీ తెరల్లో భాస్వర పూతే లేదు. అయినా స్క్రీన్ సేవర్ ఉంది. ఇప్పుడు అందులో వెంకటేశ్వరస్వామి కూడా ఉంటున్నాడు.

నిజంగా కరెంటు ఆదా చెయ్యాలన్న ఆలోచన పర్యావరణం మీద ప్రేమతో పుట్టలేదు, బ్యాటరీతో పుట్టింది. గోడకి తగిలించిన కంప్యూటర్ ఎంత తాగినా ఎవరికీ పట్టలేదు. ఒళ్ళో పెట్టుకునే కంప్యూటర్‌కి బ్యాటరీ రెండు గంటల్లో అయిపోతుంటే పట్టింది. 1989లో ఆపిల్ కంపెనీ తెచ్చిన మాకింటాష్ పోర్టబుల్ ఏడు కిలోలు ఉండేది, దాన్ని పోర్టబుల్ అనడానికి ధైర్యం కావాలి. కాని దానికి నిద్రపోవడం వచ్చు. దాని మెమరీకి మామూలు డైనమిక్ ర్యామ్ కాకుండా ఖరీదైన స్టాటిక్ ర్యామ్ వాడారు.

ఈ తేడా ఏమిటో తెలిస్తే నిద్ర ఎలా పనిచేస్తుందో తెలిసిపోతుంది. మామూలు డైనమిక్ ర్యామ్‌లో ప్రతి సమాచారపు చుక్కా ఒక బుల్లి కెపాసిటర్‌లో దాచిన విద్యుదావేశం. అది చిల్లు కుండ లాంటిది, కారిపోతూనే ఉంటుంది. అందుకని సెకనులో కొన్ని వందోవంతుల కాలానికోసారి, సాధారణంగా 64 మిల్లీసెకన్లకోసారి, కుండలన్నిటినీ చూసి మళ్ళీ నింపాలి. నింపడం ఆపితే మీరు టైపు చేస్తున్న ఉత్తరం, తెరిచి ఉంచిన లెక్కల పుస్తకం అన్నీ ఆవిరి. కంప్యూటర్‌ని నిద్రపుచ్చడమంటే ప్రాసెసర్, డిస్కు, ఫ్యాను, తెర అన్నిటినీ ఆపేసి, ర్యామ్‌కి మాత్రం ఆ నింపుకునే పనికి కావలసినంత కరెంటు ఇస్తూ ఉండడం. ఇంకొంచెం కరెంటు మీ మీట కోసమో, మౌసు కదలిక కోసమో చెవి ఒగ్గి ఉండే భాగానికి పోతుంది. నివురు కింద ఉండే నిప్పు ఇంతే.

1990లో ఇంటెల్ తెచ్చిన 386ఎస్ఎల్ చిప్పు లాప్‌టాప్‌ల కోసమే తయారైంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌కి తెలియకుండా దాన్ని పక్కకి నెట్టి కరెంటు వ్యవహారం చూసుకునే ఏర్పాటు అందులో ఉంది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అనే ఒప్పందం రాశాయి. అందులో పెత్తనం చాలావరకు బయోస్‌ది, విండోస్‌కి పెద్దగా తెలియదు. ఇంటి పెద్దకి చెప్పకుండా వాచ్‌మన్ మెయిన్ ఆపేసినట్టు ఉండేది. ఫైలు రాస్తుండగానో, మోడెమ్ మాట్లాడుతుండగానో యంత్రం నిద్రలోకి జారుకుని ఇక లేచేది కాదు. "నిద్రపుచ్చితే మళ్ళీ లేవదు" అన్న భయం ఆ రోజుల నాటిది. ఆ రోజుల్లో అది మూఢనమ్మకం కాదు, అనుభవం.

అదే 1992లో అమెరికా పర్యావరణ సంస్థ ఎనర్జీ స్టార్ అనే గుర్తు ప్రవేశపెట్టింది. మొదటి విడతలో వచ్చినవి కంప్యూటర్లూ మానిటర్లే. పని లేనప్పుడు 30 వాట్లకు మించకూడదన్నది షరతు. కంపెనీలు చేరినా చేరకపోయినా వాళ్ళిష్టం. 1993 ఏప్రిల్‌లో అధ్యక్షుడు క్లింటన్, ప్రభుత్వం కొనే కంప్యూటర్లు ఆ గుర్తు ఉన్నవే కావాలని ఉత్తర్వు ఇచ్చాడు. ప్రపంచంలోనే పెద్ద ఖాతాదారు అలా అనేసరికి అందరూ చేరారు. అదే సంవత్సరం మానిటర్ల కోసం డీపీఎంఎస్ ప్రమాణం వచ్చింది. కంప్యూటర్ సంకేతం ఆపితే మానిటర్ తనంతట తాను నిద్రపోతుంది. ఉపన్యాసాలు చెయ్యని పని ఒక కొనుగోలు నిబంధన చేసింది.

కాని చూడండి, ఇక్కడ కూడా బొట్టు భక్తే గెలిచింది. 90లలో కంప్యూటర్ కొన్నవాళ్ళకు గుర్తుంటుంది, వెయ్యగానే నల్లటి తెర మీద కుడివైపు పైమూలన పసుపుపచ్చ, ఆకుపచ్చ రంగుల్లో ఎనర్జీ స్టార్ బొమ్మ, కింద కాలుష్య నివారిణి అని ఇంగ్లీషులో. ఆ బొమ్మ మెరిసి మాయమయ్యేది. అంతటితో సరి. చాలా యంత్రాల్లో ఆ సదుపాయం బయోస్‌లో ఆపేసే ఉండేది. ఆఫీసుల్లో విరివిగా వాడిన విండోస్ ఎన్‌టీ 4లో, 1996లో వచ్చిందది, నిద్రపుచ్చే ఏర్పాటే దాదాపు లేదు. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వాళ్ళు రాత్రిపూట ఆఫీసుల్లో తిరిగి బల్లబల్లకీ వెళ్ళి లెక్కపెట్టారు. ఇది నాకు చాలా నచ్చిన పరిశోధన పద్ధతి. మీరు కంప్యూటర్ ఆపుతారా అని ఎవరినీ అడగలేదు, అడిగితే అందరూ ఆపుతామనే అంటారు. వెళ్ళి చూశారు. డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఎక్కువ భాగం మేలుకునే ఉన్నాయి, నిద్రలో ఉన్నవి బహు కొద్ది. పెట్టెల మీద బొమ్మ మాత్రం ఉంది.

1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే కొత్త ఒప్పందం విడుదల చేశాయి. పెత్తనం బయోస్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారింది. ఏ పరికరం ఏం చేస్తోందో తెలిసినవాడే ఎవరిని ఎప్పుడు పడుకోబెట్టాలో నిర్ణయిస్తాడు. నిద్రకి మెట్లు పెట్టారు. వాటిలో మనకి కావలసినవి రెండు. ఎస్3 అంటే ర్యామ్‌ని మాత్రం బతికించి మిగతా అన్నీ ఆపడం. ఎస్4 అంటే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసి పూర్తిగా ఆపడం. రెండోదాన్ని హైబర్నేట్ అంటాం, ఎలుగుబంటి శీతాకాలపు నిద్ర. ఇది విండోస్ 2000తో ఆఫీసు కంప్యూటర్లకు కూడా చేరింది.

మన దేశంలో ఎస్3 నిద్రని జనం నమ్మకపోవడానికి వేరే కారణం ఉంది. కరెంటు కోత. డెస్క్‌టాప్‌ని నిద్రపుచ్చి భోజనానికి వెళ్ళారు, కరెంటు పోయింది, యూపీఎస్ పావుగంట మోసి చేతులెత్తేసింది, ర్యామ్‌లో కుండలన్నీ ఖాళీ. వచ్చి చూస్తే పొద్దుటి నుంచి కొట్టిన లెక్కలు లేవు. "స్లీప్ పెడితే డేటా పోతుంది" అని ఆ గుమాస్తా పదిమందికి చెబుతాడు. తప్పు స్లీప్‌ది కాదు, కాని ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. విండోస్ విస్టాలో, 2007లో, దీనికి విరుగుడుగా రెండూ కలిపారు. ముందు ర్యామ్‌నంతా డిస్కు మీద రాసి, ఆ తర్వాత నిద్రపోతుంది. కరెంటు ఉంటే క్షణంలో లేస్తుంది, పోతే డిస్కు నుంచి తెచ్చుకుంటుంది. విస్టాని తిట్టనివాడు పాపాత్ముడు అన్నట్టుండేది అప్పట్లో. అందులో ఈ ఒక్క పని మాత్రం మనలాంటి దేశాలకోసమే చేశారా అన్నంత బాగుంది.

సరే, లెక్కల్లోకి వద్దాం. 2005 నాటి కంప్యూటర్, గాజు మానిటర్ కలిపి ఊరికే ఉన్నప్పుడు 120 వాట్లు అనుకోండి. కొట్టు మూసింది మొదలు తెరిచేదాకా 14 గంటలు. రోజుకు 1.68 యూనిట్లు. ఏడాదికి 300 రోజులు వేసుకుంటే 504 యూనిట్లు. నిద్రలో 5 వాట్లు అనుకుంటే 21 యూనిట్లు. తేడా 483 యూనిట్లు. మన బొగ్గు నాణ్యతతో ఒక యూనిట్‌కి 650 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. అంటే ఒక్క కంప్యూటర్‌కి ఏడాదికి మూడు క్వింటాళ్ళకు పైగా బొగ్గు, అందులో మూడో వంతుకు అటూ ఇటూ బూడిద. ఇప్పటి యంత్రాలు తక్కువ తీసుకుంటాయి. చిన్న డెస్క్‌టాప్, ఎల్‌ఈడీ తెర కలిపి 40 వాట్లు అనుకుంటే ఏడాదికి 168 యూనిట్లు, బొగ్గు క్వింటాలుకు పైనే.

"ఆపి వేస్తే ఎక్కువ తాగుతుంది" అన్నదాన్ని కూడా లెక్కలోనే తూచవచ్చు. స్విచ్ వేసిన క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు వస్తుంది, నిజమే. కాని అది సెకనులో అతి చిన్న భాగం. మీటరు కొలిచేది శక్తిని, అంటే వాట్లని కాలంతో గుణించగా వచ్చేదాన్ని. తెరని పక్కనపెట్టి పెట్టె ఒక్కదాన్నే తీసుకుందాం. పూర్తిగా లేవడానికి రెండు నిమిషాలు, ఆ సేపూ 100 వాట్లు అనుకున్నా అయ్యేది 3.3 వాట్-అవర్లు. అదే యంత్రం 60 వాట్లతో ఊరికే మూడున్నర నిమిషాలు కూర్చుంటే అంతే ఖర్చు. అంతకంటే ఎక్కువసేపు వదిలేసేటట్టయితే ఆపడమే లాభం. నిద్రనుంచి లేవడానికి కొన్ని సెకన్లే కాబట్టి ఈ ప్రశ్నే రాదు. అరుగుదల సంగతి కూడా చూసి అమెరికా ఇంధన శాఖ చెప్పే మాట ఏమిటంటే 20 నిమిషాలకు మించి వాడకపోతే మానిటర్ ఆపండి, రెండు గంటలకు మించితే కంప్యూటరే ఆపండి. ఇక అరుగుదల. పాత డెస్క్‌టాప్ హార్డ్ డిస్కులకు తయారీదారులు రాసే పరిమితి సాధారణంగా 50 వేల సార్లు ఆగి తిరగడం. రోజుకు పదిసార్లు ఆపి వేసినా 13 ఏళ్ళు దాటుతుంది. అంతకాలం ఆ కంప్యూటర్ని ఎవరుంచుకుంటారు? ఎస్ఎస్‌డీలో తిరిగే చక్రమే లేదు.

ఇంతవరకు వచ్చాక మన వాదాన్ని కూడా అదే తూకంలో పెట్టాలి. పర్యావరణం పేరుతో అతిశయోక్తులు చెప్పడం కూడా మనకు తగదు. ఆ పాత కంప్యూటర్ రాత్రంతా తాగేది ఒక పెద్ద ఏసీ గంటసేపట్లో తాగేస్తుంది. ఒక బొగ్గు గూడ్సు బండి సుమారు 3500 టన్నులు మోస్తుందనుకుంటే, ఒక్క బండి బొగ్గు మిగలాలంటే పాతకాలపు కంప్యూటర్లు పదివేలు ఏడాది పొడుగునా రాత్రులు నిద్రపోవాలి. సీపత్ కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఒక్క రోజులో 40 వేల టన్నులకు పైగా కాలుస్తుంది. అంటే పది బళ్ళు దాటిపోతుంది. నా ఒక్కడి కంప్యూటర్ నిద్రపోతే కోర్బాలో ఒక్క పొగగొట్టం కూడా చల్లారదు. కాని ఆ పొగగొట్టం కాలేది "నా ఒక్కడిదే కదా" అనే కోట్ల వస్తువులు కలిసినందువల్లే, వేరే ఏ కారణమూ లేదు. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ఈ లెక్కతోనే ఏ వస్తువైనా ఊరికే ఉన్నప్పుడు ఒక వాటు మించకూడదని ప్రచారం మొదలుపెట్టింది. 2001లో అమెరికా, 2008లో ఐరోపా సమాఖ్య దాన్ని నిబంధనల్లోకి తెచ్చాయి. టీవీలూ ఛార్జర్లూ మారింది అందువల్ల. మన అలవాట్లు మారినందువల్ల కాదు.

ఈమధ్య చరిత్ర వెనక్కి నడుస్తున్నట్టు కూడా ఉంది. 2012లో విండోస్ 8తో కొత్తరకం నిద్ర ఒకటి వచ్చింది, ఇప్పుడు దాన్ని మోడరన్ స్టాండ్‌బై అంటున్నారు. ఫోను లాగా లాప్‌టాప్ కూడా నిద్రలో ఉండగానే ఉత్తరాలు తెచ్చుకోవాలట. అంటే అది నిద్రకాదు, కళ్ళు మూసుకుని పడుకోవడం. దాంతో మూత వేసి సంచిలో పెట్టిన లాప్‌టాప్ రైల్లో వేడెక్కి, దిగేసరికి బ్యాటరీ ఖాళీ అయి ఉండడం చాలామందికి అనుభవమే. చాలా కొత్త లాప్‌టాప్‌లలో ఎస్3 తీసేశారు కూడా.

ఇక అసలు నిద్రపోనివి వేరే ఉన్నాయి. 2007లో గూగుల్ ఇంజనీర్లు బరోసో, హోల్జ్‌లే రాసిన ఒక వ్యాసంలో చెప్పారు: డేటా సెంటర్‌లో సర్వర్ పూర్తి పని చేసేది అరుదు, పూర్తి ఖాళీగా ఉండేది కూడా అరుదే. ఎక్కువకాలం సామర్థ్యంలో 10 నుంచి 50 శాతం మధ్య తిరుగుతూ ఉంటుంది. ఏ పనీ చెయ్యనప్పుడు కూడా పూర్తి పనికి అయ్యే కరెంటులో సగం తీసుకుంటుంది. కునుకు తియ్యడానికి సందు దొరకదు కాబట్టి మన ఎస్3 అక్కడ పనికిరాదు. చేసే పనికి తగ్గట్టు ఖర్చు తగ్గాలన్నది వాళ్ళ ప్రతిపాదన. 2025 అక్టోబరులో అదే గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి కేంద్రం కడతామని ప్రకటించింది. ఒక గిగావాట్ అంటే సీపత్ మొత్తంలో మూడో వంతు. అంత కరెంటు పూర్తిగా వాడితే గంటకు 10 లక్షల యూనిట్లు. పైన చెప్పిన పదివేల కంప్యూటర్లు ఏడాదంతా నిద్రపోయి మిగిల్చిన 48 లక్షల యూనిట్లు అయిదు గంటలు కూడా రావు. ఈ లెక్క చూపించి "ఇక మన స్లీప్ బటన్ దేనికి" అనేవాళ్ళు ఉన్నారు. పక్కింటివాడు లారీలు నడుపుతున్నాడని మన ఇంటి కుళాయి కారనివ్వం కదా. అయితే ఎవరి పొదుపు గురించి ఎవరు ఉపన్యాసం ఇస్తున్నారో అడగడం మాత్రం మన హక్కే.

నా మాట నమ్మక్కర్లేదు. మీ ఇంటి డిజిటల్ మీటరు మీద ఒక ఎర్ర దీపం మెరుస్తూ ఉంటుంది. యూనిట్‌కి ఎన్నిసార్లు మెరుస్తుందో మీటరు మీదే అచ్చువేసి ఉంటుంది, చాలావాటికి 3200. ఇంట్లో ఫ్రిజ్, ఇన్వర్టర్ సహా అన్నీ కాసేపు ఆపి కంప్యూటర్ ఒక్కటే ఉంచండి. మొత్తం 60 వాట్లు తీసుకుంటుంటే అయిదు నిమిషాల్లో 16 మెరుపులు రావాలి. ఇప్పుడు స్క్రీన్ సేవర్ పెట్టి మళ్ళీ అయిదు నిమిషాలు లెక్కపెట్టండి. తర్వాత నిద్రపుచ్చి లెక్కపెట్టండి. 2 వాట్లకు దిగితే ఒక మెరుపుకీ ఇంకో మెరుపుకీ మధ్య తొమ్మిది నిమిషాలకు పైగా కూర్చోవాలి, కాబట్టి పక్కన ఏదైనా పుస్తకం పెట్టుకోండి. మీ విండోస్ యంత్రంలో ఏ నిద్రలున్నాయో తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, ఏటవాలు గీత, ఏ అక్షరం కొట్టండి. ఎస్3 లేదని చెబితే, రాత్రికి హైబర్నేట్ పెట్టుకోవడమే మంచిది. చాలా యంత్రాల్లో అది మెనూలో కనపడకుండా దాచి ఉంటుంది, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి బయటికి తీసుకోవాలి.